రెండు ముక్కుల రాజు

వగ్దీ షర్నూబీ ఇంకా బతికే ఉన్నాడట. కాళ్ళు పడిపోతే చక్రాల కుర్చీలో తెచ్చి కూర్చోబెడుతున్నారట. అదే హాలు, అదే బల్ల, అదే గాజు పెట్టె. వచ్చినవాళ్ళను అదే నోటితో తిడుతున్నాడట. కాళ్ళు పడిపోయాయిగాని ఆ నోరు పడిపోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా అలెగ్జాండ్రియా ట్రాముల్లో టికెట్లు కొట్టాను. దొంగనోటు ఇచ్చినవాళ్ళు, టికెట్ అడిగితే చెయ్యెత్తినవాళ్ళు, నా బూటు మీద ఉమ్మినవాళ్ళు ఎంతమందో. వాళ్ళలో ఒక్కడి మొహమూ గుర్తులేదు. వగ్దీ షర్నూబీ మొహం మాత్రం కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. పదహారేళ్ళయింది. ఆ చలికాలం ఒక్కటీ వాడు నోరు మూసుకుని ఉంటే నా ఇల్లు ఇల్లులా ఉండేది.

అత్తారీన్ వీధిలో పాత ఓడ గుమాస్తాల క్లబ్బు ఉంది. దాని హాల్లో నెలకు రెండు శుక్రవారాలు, మధ్యాహ్నం నమాజు అయ్యాక, నాణేల ప్రదర్శన పెట్టేవాళ్ళు. అక్టోబరు చివర మొదలయ్యేది, మార్చిలో ఆఖరి గాలివాన వెళ్ళేదాకా నడిచేది. వేసవిలో ఆ హాలును పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చేవాళ్ళు. ఇరవై బల్లలుండేవి. ప్రదర్శన అని పేరేగాని అక్కడ చూపించేదానికన్నా దాచేదే ఎక్కువ. గాజు మీద వేలు పెడితే "తుడిచేది నీ బాబా?" అనేవాడొకడు. ధర అడిగితే ముందు నా బూట్లు చూసి, తర్వాత మొహం చూసి, "నీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే" అనేవాడింకొకడు. తలుపు పక్కన బల్ల దగ్గర ఒక లావుపాటామె ఉండేది. ఏమడిగినా జవాబు లేదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆ పొట్టు మన వైపు ఊదేది.

అందరిలోకి వగ్దీ షర్నూబీ పెద్ద. హాలు మధ్యలో స్తంభం పక్కన వాడి బల్ల. వాడు ఒక నాణేనికి ధర అన్నాడంటే ఇక మిగిలిన పందొమ్మిది బల్లల్లో ఎవడూ అంతకు ఒక్క పియాస్టర్, పౌండులో నూరో వంతు కూడా, ఎక్కువ అనడు. అది వాళ్ళలో వాళ్ళ కట్టుబాటు. అందుకే వాడికి నాణెం నచ్చితే ముందు దాన్ని నలుగురిలో తిట్టేవాడు. అమ్ముకోవడానికి వచ్చినవాడు తలొంచుకుని హాలంతా తిరిగి, ఎక్కడా చెల్లక, సాయంత్రానికి మళ్ళీ వాడి దగ్గరికే వచ్చేవాడు. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తిట్టు తగలకుండా పోదు.

మరి ఎందుకు వెళ్ళేవాడివని అడుగుతారు. నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. పుస్తకం చదివి ఏదీ తెలుసుకోలేదు. నాకు తెలిసినదల్లా నా అరచేతికి తెలిసిందే. రోజుకు రెండు వేలమంది నా చేతిలో చిల్లర పెట్టేవాళ్ళు. ఏది వెండో, ఏది తగరం కలిసిందో, ఏది ఎంత అరిగిందో కంటితో పనిలేకుండా బొటనవేలు చెప్పేది. టికెట్లకు జనాన్ని పిలవడానికి, ట్రాములో వాళ్ళు పట్టుకుని నిలబడే కడ్డీ మీద నాణెంతో కొడతాం మేము. ఆ మోత వింటే చాలు, అది ఏ కాలందో చెప్పగలను. ప్రపంచంలో నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య అది. ఆ విద్య తెలిసిన మనుషులుండే చోటు ఊళ్ళో అదొక్కటే. తిడితే తిట్టారు, వెళ్ళేవాణ్ణి.

ఇంటికొచ్చేసరికి తహియా అడిగేది: "ఇవాళ ఎవరు తిట్టారు?"

మా కాపురం ఇబ్రహీమియాలో అయిదో అంతస్తులో. శుక్రవారం చేపల కూర, గోధుమరంగు అన్నం, ఊరేసిన ముల్లంగి. నేను చెయ్యి కడుక్కుని కూర్చునే లోపలే ఆమె టీ గ్లాసు బోర్లించి భూతద్దంలా కంటికి పెట్టుకునేది. చిక్కుళ్ళ కుండలోంచి ఒక గింజ తీసి, రెండు వేళ్ళతో చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు పట్టుకుని, వగ్దీ గొంతుతో మొదలుపెట్టేది.

"ఏవయ్యా టికెట్లూ! ఇదేంటి?"

"చిక్కుడు గింజ, బేగ్ గారూ."

"గింజా! ఇది గుండీ! మీ తాత లాగు గుండీ! ఎక్కడ దొరికిందిది నీకు?"

"కుండలో, బేగ్ గారూ."

"కుండ కూడా తెచ్చావా? కుండతో కలిపి అర పౌండిస్తా. తీసుకుని నా గాలికి అడ్డం లేకుండా అవతల నిలబడు!"

తనే నవ్వేది ముందు. నవ్వితే కళ్ళలో నీళ్ళొచ్చేవి, గ్లాసు జారిపోయేది. కింద నాలుగో అంతస్తులో ఉమ్ రిదా కర్రతో పైకప్పు మీద కొట్టేది. వేరుశనక్కాయలామెను కూడా చేసి చూపించేది, ఆమెను తను ఒక్కసారైనా చూడకపోయినా. వాళ్ళు హాల్లో నన్ను ఎంత తిడితే ఆ రోజు మా భోజనం అంత బాగుండేది. నిజం చెప్తున్నాను, కొన్నిసార్లు ఏమీ తిట్టకపోతే దారిలో నేనే ఒక తిట్టు కల్పించుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి.

మాకు పిల్లలు లేరు. పెళ్ళయి అప్పటికి పదహారేళ్ళు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ వారానికోసారి, "వదిలెయ్యరా నాయనా, ఇంకొకదాన్ని తెచ్చుకో, ఇది బీటవారిన నేల" అని తహియా వినేటట్టే అనేది. మా అక్క అన్నది. డిపోలో సావాసగాళ్ళన్నారు. తలాక్ అన్న మాట మా ఇంటి చుట్టూ అందరి నోటా వచ్చింది, నా నోట తప్ప. ఆ సంగతి నేనూ తహియా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవలసిన అవసరమూ రాలేదు.

మా ఊళ్ళో చలికాలపు గాలివానలన్నిటికీ పేర్లున్నాయి. ఆ ఏడు నవంబరులో, చీపురు గాలివాన ఊరంతా ఊడ్చి వెళ్ళిన మర్నాడు, క్లియోపాత్రా స్టాపు దగ్గర కొట్టు పెట్టుకున్న షహాతా బాబాయి నన్ను ట్రాము కిటికీలోంచి పిలిచాడు. సిగరెట్లు, అగ్గిపెట్టెలు, బిస్కెట్లు, పేపర్లు అమ్మే చెక్కకొట్టు అది, మనిషి పట్టేంత.

"ఒరే బయ్యూమీ, చలికాలం పోగానే కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నా. కొట్టు లైసెన్సుతో సహా నాలుగు వేలకు ఇచ్చేస్తా. ఎవరన్నా ఉంటే చెప్పు."

ఊరికే చెప్పాను తహియాకు. ఆమె చేస్తున్న పని ఆపేసింది.

"మనమే కొందాం."

"నాలుగు వేలు, తహియా. నా జీతం నూట ఎనభై."

"నేను కూర్చుంటాను అందులో. ఈ మేడలో ఎవత్తి ఎదురొచ్చినా నా కడుపు వైపే చూస్తుంది. కొట్లో అయితే అగ్గిపెట్టె అడుగుతారు, ఇచ్చేస్తాను, అయిపోతుంది."

లోపలికెళ్ళి పెళ్ళినాటి పెట్టెలోంచి రుమాలు మూట తెచ్చింది. విప్పకుండానే నాకు తెలుసు అందులో ఏముందో. రెండు ముక్కుల రాజు.

పాత రాజుల కాలంనాటి పది పియాస్టర్ల వెండి నాణెం అది. టంకసాలలో అచ్చు ఒకసారి పడి, నాణెం రవ్వంత జరిగి, మళ్ళీ పడింది. రాజుగారికి ఒక ముక్కు పక్కన ఇంకో ముక్కు, మీసం కింద ఇంకో మీసం. మా మామ దసూకీ కూడా ట్రాము మనిషే. నాకంటే ముందు అదే లైను మీద ఇరవై ఆరేళ్ళు చేశాడు. ఆయన కుర్రతనంలో ఎవరో ప్రయాణికుడు టికెట్టుకు ఇచ్చాడట దీన్ని. మామ తన జేబులోంచి వేరే పది పియాస్టర్లు తీసి టికెట్ల డబ్బు సంచిలో వేసి, దీన్ని ఉంచుకున్నాడు. పెళ్ళిరోజున కూతురి చేతిలో పెట్టాడు. "బంగారం పెట్టలేనమ్మా, ఇలాంటిది మాత్రం ఏ రాణీ దగ్గరా లేదు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మెయ్యి" అంది తహియా. "ఒక్కటే మాట. మా నాన్న చేతిది. విసిరేసేవాడి చేతిలో పెట్టకు."

డిసెంబరులో ఖాసిం గాలివాన వచ్చిన శుక్రవారం నాణెం పట్టుకుని వెళ్ళాను. సముద్రం రోడ్డు మీదికి వచ్చేసింది. హాల్లో తడి కోట్ల వాసన, గొడుగులన్నీ తలుపు దగ్గర కుప్ప. వెళ్ళేటప్పుడే అనుకున్నాను, వగ్దీ బల్ల వైపు పోకూడదని. ముందు హాజ్ మునీబ్ దగ్గరికి వెళ్ళాను. ఆ హాల్లో మనిషిని మనిషిలా పలకరించేవాడు ఆ ముసలాయన ఒక్కడే. నాణెం చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"బాబూ, ఇది నా తాహతుకు మించింది. నలభై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదు. వగ్దీకి చూపించక తప్పదు. వాడు చూడకుండా ఇక్కడ ఎవడూ కొనడు, నీకు తెలుసుగా."

"వాడు తిడతాడు, హాజ్ గారూ."

"తిట్టనీ. ఎంత తిడితే అంత నచ్చినట్టు. నువ్వు మాత్రం పెదవి విప్పకు."

వగ్దీ ముందు నలుగురైదుగురు కోట్లవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య నా యూనిఫాం. నాణెం గాజు మీద పెట్టాను. వాడు భూతద్దం తియ్యను కూడా తియ్యలేదు. వేలితో మీటి, ఎగరేసి, గాజు మీద పడనిచ్చాడు. అది దొర్లుకుంటూ అంచుదాకా పోయింది. చెయ్యి పెట్టి ఆపాను.

"టంకసాలలో ఎవడో కల్లు తాగి కొట్టింది" అన్నాడు కోట్లవాళ్ళతో. "ఏం టికెట్లూ, ట్రాములో చెల్లలేదని నాకు తెచ్చావా?"

వాళ్ళు నవ్వారు. నేను పెదవి విప్పలేదు.

"నలభై పౌండ్లు. అదీ వాన పడుతోంది, పాపం నడిచి వెళ్ళాలని ఇస్తున్నా."

పెదవి విప్పలేదు.

"ఎక్కడిదిది?"

"మా ఆవిడది. వాళ్ళ నాన్న ఇచ్చాడు."

"ఆయన ఏం చేసేవాడు, మంత్రా?"

"ట్రాములోనే. నా లాగే."

"ఓహో!" వాడు కుర్చీలో వెనక్కి వాలాడు. "అదీ సంగతి. మామ సంచిలోంచి కొట్టేశాడు, అల్లుడు అమ్ముకుంటున్నాడు. వంశపారంపర్యం! చూసుకోండి బాబులూ, మీ జేబులు చూసుకోండి, ట్రాము ఇక్కడే ఆగింది."

హాలంతా నవ్వింది. వేరుశనక్కాయలామె కూడా నవ్వింది. ఆ ఇరవై ఆరేళ్ళలో మా మామ సంచిలో ఒక్క పియాస్టర్ తేడా రాలేదు. తన జేబు ఖాళీ చేసుకుని సంచి నింపిన సందర్భాలు నాకు తెలుసు. ఆయన చచ్చిపోయాక యూనిఫాం జేబుల్లో దొరికినవి తడిసిపోయిన రెండు టికెట్లు. అవన్నీ చెప్పాలనుకున్నాను. కాని నాకు వాక్యాలు కూర్చడం రాదు. మా ఊళ్ళో మగవాడికి మాట తోచకపోతే నోటికి వచ్చేది ఒకటుంది, చేపల బజారులో, కాఫీ కొట్లో, పార్కింగు తగాదాల్లో రోజూ వినబడేదే. అదే వచ్చింది.

"ఈ నాణెం నీకు అమ్మితే నా పెళ్ళానికి తలాక్! మూడు తలాకులు! విన్నావా? అందరూ వినండి! మూడు!"

నవ్వు ఆగిపోయింది. బయట వాన చప్పుడు వినిపించింది. టీ తెచ్చేవాడు పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు. వగ్దీ ఒక్కడే తొణకలేదు. "నీ పెళ్ళాంతో నాకేం పనయ్యా" అని కోట్లవాళ్ళ వైపు తిరిగిపోయాడు.

హాజ్ మునీబ్ నన్ను తలుపుదాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "పెదవి విప్పకు అన్నాను కదయ్యా" అన్నాడు. "కాలు జారితే లేస్తాం. ఇదేం పని? ఇంట్లో తెలియనివ్వకు."

ఆ సాయంత్రం తహియా గ్లాసు బోర్లించి కంటికి పెట్టుకుంది. "ఏవయ్యా టికెట్లూ, ఏం తెచ్చావు?" అంది. నలభై పౌండ్లు అన్నాడని చెప్పాను. కల్లు తాగి కొట్టిందన్నాడని చెప్పాను. మిగిలింది చెప్పలేదు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను.

హాల్లో టీ తెచ్చేవాడు ఉమ్ రిదాకు మేనల్లుడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తహియాకు వారం తిరక్కుండానే అంతా తెలిసింది. ఆమె నన్నేమీ అనలేదు. ఏడవలేదు. వంట మానలేదు. యూనిఫాం ఎప్పటిలాగే ఇస్త్రీ చేసి కుర్చీ వీపు మీద వేసింది. తర్వాతి ప్రదర్శన శుక్రవారం నేను ఇంటికి వచ్చి, చెయ్యి కడుక్కుని, కూర్చున్నాను. ఆమె చేపల కూర వడ్డించింది. టీ గ్లాసు నా ముందు పెట్టింది, నిలువుగా. అందులో టీ పోసింది.

ఎదురు చూశాను. ఎవరు తిట్టారని ఆమె అడగలేదు.

"ఇవాళ వేరుశనక్కాయలామె..." అని నేనే మొదలుపెట్టాను.

"ముల్లంగి ఇంకొంచెం వెయ్యనా?" అంది.

జనవరిలో హాజ్ మునీబ్ డిపోకే వెతుక్కుంటూ వచ్చాడు. గొడుగు మడిచి, నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"వగ్దీ పంపించాడు. నాలుగువేల రెండువందలు ఇస్తాడట. బయటి దేశం నుంచి ఎవరో ఇలాంటివే ఏరుకుంటున్నాడు, వాడి కోసం. ఇంతకంటే ఎవడూ ఇవ్వడు బాబూ. వగ్దీ ధర అన్నాక ఇక ఎవడూ ఇవ్వనే ఇవ్వడు."

నాలుగువేల రెండువందలు! కొట్టు వచ్చేస్తుంది, పైన సరుక్కి రెండువందలు.

"నేను ఒట్టు వేశాను కదా, హాజ్ గారూ. మీరూ విన్నారు."

"విన్నాను కాబట్టే చెప్తున్నా. మసీదు పక్కన ఫత్వా గదికి వెళ్ళు. నీలాంటివాళ్ళు అక్కడ రోజూ వరసలో ఉంటారు."

నిజంగానే వరస ఉంది. నా ముందు ఒక టాక్సీవాడు, తోడల్లుడి ఇంట్లో అన్నం తింటే పెళ్ళానికి తలాక్ అన్నవాడు. వాడి ముందు ఒక చేపలవాడు. షేక్ గారు నా వయసువాడే, జలుబుతో ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, "ఆ మాట అన్నప్పుడు నీ మనసులో ఆమెను వదిలే ఉద్దేశం ఉందా?" అని అడిగాడు.

"దేవుడి సాక్షిగా లేదు."

"అయితే తలాక్ పడలేదు. అది ఒట్టే. ఒట్టు తప్పదలుచుకుంటే పదిమంది పేదలకు కడుపునిండా అన్నం పెట్టు, నువ్వు ఇంట్లో తినేలాంటి అన్నం. ఇక వెళ్ళు. నోటికి గడియ పెట్టుకో."

అయిదు అంతస్తులూ ఒక్క ఊపున ఎక్కాను. తహియా కిటికీ దగ్గర నా చొక్కాకు గుండీ కుడుతోంది. అంతా చెప్పేశాను. ఆమెకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు, అయినా హాల్లో అన్న మాటతో సహా మొదటిసారి నా నోటితో చెప్పాను. పదిమందికి అన్నం పెడితే అయిపోతుందన్నాను. కొట్టు మనదే అన్నాను.

ఆమె దారం పంటితో తెంపింది. "ఎంతవుతుంది?"

"ఏది?"

"పదిమందికి అన్నం."

"అన్నం, తలో ముక్క మాంసం, రొట్టె... నూట ముప్పై, నూట నలభై."

"నాణేనికి నాలుగువేల రెండువందలు" అంది. "నాకు నూట ముప్పై."

"అలా అంటావేంటి తహియా! అది బేరంలో వచ్చిన మాట. బేరం మాట బేరంలోనే పోతుంది."

ఆమె చొక్కా దులిపి మడత పెట్టింది. "మీ అమ్మ అన్నప్పుడు, మీ అక్క అన్నప్పుడు, నువ్వు గోడకేసి చూస్తూ కూర్చునేవాడివి. వంటింట్లోంచి నిన్నే చూసేదాన్ని. ఈ నోట ఆ మాట రాదు అనుకునేదాన్ని." మడత పెట్టిన చొక్కాను కుర్చీ మీద పెట్టింది. "నాణెం నాది. నేనే అమ్ముకుంటా. అప్పుడు నీ ఒట్టూ తప్పదు, పదిమందికి పెట్టే పనీ లేదు. నా మీద అంత ఖర్చెందుకు?"

ఫిబ్రవరి అంతా అడిగితే, "వాన తగ్గనీ" అంది. చివరికి మార్చిలో, అవ్వా గాలివాన వచ్చిన ఆఖరి ప్రదర్శన రోజున, నల్ల కోటు వేసుకుని, రుమాలు మూట పట్టుకుని బయల్దేరింది. వెంట నేనూ వెళ్ళాను. హాలు తలుపు దగ్గర, "నువ్విక్కడే ఉండు" అంది. గొడుగుల పక్కన నిలబడ్డాను. వేరుశనక్కాయలామె నా వైపు చూసింది. ఆ రోజు ఆమె పొట్టు ఊదలేదు.

తహియా ఎవరినీ అడగకుండా సూటిగా స్తంభం పక్కన బల్ల దగ్గరికి వెళ్ళింది. పది ఏళ్ళుగా నేను చెప్పిన మాటలతోనే ఆ హాలంతా ఆమెకు కంఠతా వచ్చేసింది. వగ్దీ షర్నూబీ తలెత్తి చూసి, కుర్చీలోంచి లేచాడు. వాడు లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"రండమ్మా, కూర్చోండి. ఒరే, అమ్మగారికి టీ."

"వద్దండి." ఆమె కూర్చోలేదు. మూట విప్పి నాణేన్ని గాజు మీద పెట్టింది, చప్పుడు కాకుండా. "మీరు మా నాన్నను దొంగ అన్నారట."

వగ్దీ చేతులు నలుపుకున్నాడు. "అయ్యో, అదేదో బేరంలో మాటమ్మా. మనసులో ఏమీ లేదు. బేరం మాట బేరంలోనే పోతుంది."

"అవును" అంది తహియా. "మా ఆయనా అదే అన్నాడు."

అంత మెల్లగా అన్నా తలుపు దగ్గర నాకు వినబడింది. వాడు డబ్బు కవరులో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె రుమాలు దులిపి, మడిచి, కోటు జేబులో పెట్టుకుంది. వెళ్ళేముందు రాజుగారి రెండు ముక్కుల మీదా వేలితో ఒకసారి రాసింది. దాన్ని విసిరేసేవాడి చేతిలో పెట్టకు అని నాతో అన్నది ఆమే.

కొట్టు ఏప్రిల్‌లో ఆమె పేరున వచ్చింది. క్లియోపాత్రాలో, ఆ వీధిలోనే, వాళ్ళ అక్క ఉండేది, భర్త పోయినావిడ. కింది అంతస్తు. "సరుకు రాత్రి దించుకోవాలి, ఇవాళ అక్కడే పడుకుంటా" అంది మొదట. తర్వాత, "మోకాళ్ళకు ఆ అయిదంతస్తులు పడట్లేదు" అంది. మోకాళ్ళు నిజంగానే నొప్పులే. ఒకరోజు ఇస్త్రీపెట్టె కూడా పట్టుకెళ్ళింది.

నా ట్రాము రోజుకు ఎనిమిది సార్లు ఆమె కొట్టు ముందు ఆగేది. మొదటివారం ఒకరోజు కిటికీలోంచి చెయ్యి చాపి, "ఒక సిగరెట్ పెట్టె" అన్నాను. నేను తాగే రకమేదో ఆమెకు తెలుసు, తీసి ఇచ్చింది. అయిదు పౌండ్ల నోటు ఇచ్చాను. ఊరికే, ఆటకి, వగ్దీ గొంతుతో ఏమన్నా అంటుందేమోనని. ఆమె నోటు తీసుకుంది. సొరుగు లాగి, చిల్లర ఏరి, నా అరచేతిలో పెట్టింది. సరిగ్గా ఉంది. నా అరచేతికి తెలుసు. డ్రైవరు గంట కొట్టాడు, ట్రాము కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరో కాలేజీ పిల్లలు ఏదో అన్నారేమో, తహియా బిస్కెట్ పొట్లం కంటికి పెట్టుకుని గొంతు మార్చి ఏదో అంటోంది. వాళ్ళు విరగబడి నవ్వుతున్నారు.

ఇప్పటికీ ఆ కొట్టు అక్కడే ఉంది. ఇప్పటికీ ఆమె నా భార్యే, కాగితాల మీద. ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆ వసంతంలో ఒక శుక్రవారం ఇంట్లో చేపల కూర వండాను. నాకు చేతనైనట్టు. రెండు ముద్దలు తిని లేచాను. మర్నాడు షేక్ గారి దగ్గరికి వెళ్ళి, పదిమందికి పెడతానన్నాను. "అమ్మింది నువ్వు కాదుగా, ఒట్టు తప్పలేదు, పెట్టక్కర్లేదు" అన్నాడు. అయినా పెట్టాను. మసీదు గోడ పక్కన, పది పొట్లాలు, అన్నం, మాంసం, రొట్టె. వరసలో చివర ఒక ముసలమ్మ. పొట్లం అందుకుని అడిగింది, అందరూ అడిగేదే.

"ఎవరి పేరున నాయనా?"

"తహియా."

"దేవుడు ఆమె సమాధిని చల్లగా ఉంచుగాక."

"బతికే ఉందమ్మా."

"అయితే దేవుడు ఆమెను నీకు ఉంచుగాక" అని పొట్లం కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

డిపోలో నన్ను ఇప్పటికీ అడుగుతారు, వగ్దీ షర్నూబీ వల్ల నీకు ఎంత పోయిందిరా అని. నాణెం ఆమెది. నాలుగువేల రెండువందలు ఆమెవి. కొట్టూ ఆమెదే. నా జేబులోంచి పోయింది ఆ పది పొట్లాల డబ్బు. నూట ముప్పై నాలుగు పౌండ్ల యాభై పియాస్టర్లు.